మందుకు వికాలం లేదు

  

ఈసారి మనం మాట్లాడుకునే విషయం కాస్త బరువైనది. పెద్దాసుపత్రివాళ్ళు "ఇంక మేం చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్ళండి" అన్నాక ఇంట్లో మంచం మీదే చివరి రోజులు గడుపుతున్న మనిషి గురించి, ఆ మనిషికి వేళకు అందాల్సిన మందు గురించి మాట్లాడుకుందాం. మన వాడల్లో ఇలాంటి మంచం లేని వీధి ఉందా? నోటి క్యాన్సర్, గర్భసంచి క్యాన్సర్ మన ఇళ్ళకు కొత్తవి కావు. రాత్రి రెండు గంటలకు ఆ ఇంట్లోంచి వచ్చే మూలుగు పక్కింటికి వినపడుతుంది. తెల్లారాక అందరూ "పాపం" అంటారు. అంతటితో మన పని అయిపోయిందా?

మొదట వినయపిటకంలోకి వెళ్దాం. మధ్యాహ్నం దాటాక బిక్ఖువులు ఆహారం తీసుకోకూడదు. అది వికాలం. ఈ నియమం మీకు తెలిసిందే. ఒకసారి శరదృతువులో బిక్ఖువులకు జబ్బు చేసింది. తిన్నది కడుపులో నిలవలేదు, మనుషులు చిక్కిపోయారు. తథాగతుడు అది చూసి నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం అనే అయిదింటిని ఔషధంగా తీసుకోమన్నాడు. మొదట తినే వేళలో మాత్రమే అన్నాడు. అయినా బిక్ఖువులు ఇంకా చిక్కిపోతూనే ఉన్నారు. అప్పుడాయన నియమాన్ని పట్టుకుని కూర్చోలేదు. ఆ మందులను వేళలోనూ, వేళ కాని వేళలోనూ తీసుకోవచ్చని చెప్పేశాడు.

ఇది చిన్న విషయం కాదు. సంఘానికి నియమం పెట్టినవాడే రోగి శరీరాన్ని చూసి నియమాన్ని సడలించాడు. అన్నానికి వికాలం ఉంది గానీ మందుకు లేదు. నొప్పి గడియారం చూసి రాదు కాబట్టి మందును కూడా గడియారం ఆపకూడదు. బిక్ఖువుకు ఉండాల్సిన నాలుగు అవసరాల్లో చీవరం, భిక్ష, నివాసంతో పాటు ఔషధాన్ని కూడా ఆయన లెక్కపెట్టాడు. అంటే మందు దయతో పడేసే దానం కాదు, మనిషికి ఉండి తీరాల్సిన అవసరం.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. క్యాన్సర్ ముదిరినప్పుడు వచ్చే తీవ్రమైన నొప్పికి మామూలు గోలీలు చాలవు. దానికి మార్ఫిన్ అనే మందు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అత్యవసర మందుల జాబితాలో పెట్టింది. ధర కూడా ఎక్కువేం కాదు. అది తయారయ్యే నల్లమందు పంటను మన దేశంలోనే మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ అనుమతితో పండిస్తారు. మరి ఎందుకు దొరకదు? 1985లో మత్తుపదార్థాల చట్టం వచ్చింది. దొంగ వ్యాపారాన్ని ఆపడానికి పెట్టిన ఆంక్షలు రోగి మంచం దాకా వచ్చి కూర్చున్నాయి. ఒక్క మందుకు నాలుగైదు లైసెన్సులు కావాల్సి వచ్చేసరికి ఆసుపత్రులు దాన్ని తెప్పించడమే మానేశాయి. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. గుర్తింపు పొందిన వైద్య సంస్థ రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి అనుమతితో మార్ఫిన్ ఉంచుకోవచ్చని దారి తెరిచింది. చట్టం మారింది గానీ భయం ఇంకా పోలేదు. ఆ భయం డాక్టర్లలో ఉంది, మందుల షాపుల్లో ఉంది, మన ఇళ్ళలోనూ ఉంది.

మన ఇళ్ళలో ఉన్న భయం గురించి దాచుకోకుండా మాట్లాడుకుందాం. "మనం పంచశీల తీసుకున్నాం. బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో మత్తు తాగమని ఒట్టు పెట్టుకున్నాం. ఇప్పుడు మా నాయనకు మత్తు గోలీ ఎట్లా ఇస్తాం?" అని అడిగేవాళ్ళున్నారు. శీలాన్ని అంత గట్టిగా పట్టుకున్నవాళ్ళకు దండం పెట్టాల్సిందే. కానీ అయిదో శీలం దేన్ని వద్దంటోందో చూడండి. మనిషిని పమాదంలోకి, అంటే ఒళ్ళు తెలియని నిర్లక్ష్యంలోకి తోసే మత్తును వద్దంటోంది. అదే వినయపిటకంలో ఇంకో సంగతి ఉంది. పిలిందవచ్ఛ అనే బిక్ఖువు వాత రోగంతో బాధపడితే, వైద్యులు చెప్పిన మీదట నూనెలో కొంచెం మద్యం కలిపి కాచి వాడటానికి బుద్ధుడు ఒప్పుకున్నాడు. కొందరు దాన్ని సాకుగా తీసుకుని మద్యం ఎక్కువ పోసుకుంటే దాన్ని వద్దన్నాడు. మద్యం రంగు, వాసన, రుచి తెలియనంత మోతాదుకే సమ్మతించాడు. వైద్యుడి మాట, రోగి అవసరం, హద్దు దాటని మోతాదు. ఈ మూడూ ఉంటే అది ఔషధం. సరదా కోసం తాగితే అది మత్తు.

డాక్టరు నొప్పికి తగినట్టు మోతాదు కట్టి ఇచ్చే మార్ఫిన్ మనిషిని నిర్లక్ష్యంలోకి తోయదు. నిజానికి జరిగేది దానికి తిరగబడి ఉంటుంది. నొప్పితో పళ్ళు కరుచుకుని ఉన్నవాడు కొడుకుతో ఒక్క మాట కూడా మాట్లాడలేడు. నొప్పి తగ్గాక లేచి కూర్చుంటాడు, మనవరాలి పేరు పిలుస్తాడు. స్మృతి తిరిగి వస్తుంది. మందు సక్రమంగా వాడితే అది ప్రాణాన్ని తొందరగా తీసుకుపోదు కూడా. కాబట్టి మొదటి శీలానికీ భంగం లేదు.

ఇంకో మాట కూడా వినిపిస్తుంది. "పోయిన జన్మలో ఏం చేశాడో, అనుభవించాలి కదా" అంటారు. బంధువులారా, ఈ మాట మన గడపలోకి ఎవరు తెచ్చారు? మన తాతలను ఊరి బయట ఉంచడానికి వాడిన మాటే ఇది. ప్రతి బాధా పూర్వకర్మ వల్లే వస్తుందన్న వాదాన్ని బుద్ధుడే ఒప్పుకోలేదు. పిత్తం వల్ల, శ్లేష్మం వల్ల, వాతం వల్ల, రుతువుల మార్పు వల్ల కూడా బాధలు కలుగుతాయని సీవకుడనే పరివ్రాజకుడికి చెప్పాడు. బాబాసాహెబ్ కూడా పూర్వజన్మ కర్మ సిద్ధాంతాన్ని తిప్పికొట్టారు. దుఃఖాన్ని గుర్తించడం, దాన్ని తొలగించడం. ఆయన మనకు చూపిన ధమ్మానికి మూలం ఇదే. ఆయన మధుమేహంతో, కాళ్ళ నొప్పులతో సతమతమవుతూనే "బుద్ధుడు - ఆయన ధమ్మం" గ్రంథాన్ని రాశారు. 1956 డిసెంబరు 6న ఢిల్లీలోని ఇంట్లోనే కన్నుమూశారు. నొప్పిని ఓర్చుకోవడం మన జాతి లక్షణమని ఆయన ఎక్కడా చెప్పలేదు. "వీళ్ళు తట్టుకుంటారులే" అని ఎవరైనా మన మనిషి గురించి అంటే, అది పొగడ్త కాదని తెలుసుకోండి.

అనాథపిండికుడి చివరి రోజు గుర్తుచేసుకోండి. ఆయన ఇంట్లో మంచం మీద తీవ్రమైన నొప్పితో ఉండి సారిపుత్తుడికి కబురు పంపాడు. సారిపుత్తుడు ఆనందుడిని వెంటబెట్టుకుని వచ్చాడు. వచ్చీ రాగానే ఉపదేశం మొదలుపెట్టలేదు. నొప్పి తగ్గుతోందా, పెరుగుతోందా అని అడిగాడు. ధమ్మం ఆ తర్వాతే. మనం కూడా రోగి ఇంటికి వెళ్తే త్రిసరణం చెప్పే ముందు ఆ ప్రశ్న అడగాలి.

అడిగాక ఏం చేయాలి? బుద్ధుడు మంచి పరిచారకుడికి అయిదు గుణాలు చెప్పాడు. మందు సిద్ధం చేయగలగాలి. ఏది మేలో ఏది కీడో తెలియాలి. లాభం కోసం కాక మైత్రితో చేయాలి. మలమూత్రాలకు, వాంతికి ఏవగించుకోకూడదు. ధమ్మపు మాటలతో ధైర్యం చెప్పగలగాలి. అందులో మొదటిది మందే. దాన్ని మన కాలానికి ఇలా అన్వయించుకుందాం.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడే "నొప్పి పెరిగితే ఎవరికి ఫోన్ చేయాలి? గోలీలు అయిపోతే ఎక్కడ ఇస్తారు? మింగలేకపోతే ఏం చేయాలి?" అని అడిగి రాయించుకోండి. మామూలు మందుల షాపులో మార్ఫిన్ దొరకడం కష్టం. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన వైద్య విభాగం ఉంది. తెలంగాణ జిల్లాల్లో ఉపశమన చికిత్స కేంద్రాలు, ఇంటికి వచ్చే "ఆలన" వాహనాలు ఏర్పాటు చేశారు. మీ జిల్లా ఆసుపత్రిలో అడగండి, ఆశా కార్యకర్తనూ అడగండి. ఆంధ్రలో ఉన్నవాళ్ళు కూడా జిల్లా ఆసుపత్రిలోనే మొదలుపెట్టండి.

మామూలు మార్ఫిన్ గోలీ పనితనం దాదాపు నాలుగు గంటలు. అందుకే డాక్టరు రాసిన వేళకు ఇవ్వాలి, నొప్పి భరించలేనంత అయ్యేదాకా ఆగకూడదు. వేళలు గోడమీద కాగితంపై రాసిపెట్టండి. మలబద్ధకం తప్పకుండా వస్తుంది కాబట్టి దానికీ మందు అడిగి తీసుకోండి. మీ అంతట మీరు మోతాదు పెంచవద్దు, హఠాత్తుగా ఆపవద్దు. లేపినా లేవనంత మగతగా ఉంటే వెంటనే డాక్టరుకు చెప్పండి. గోలీలు పిల్లలకు అందకుండా తాళం వేసి పెట్టండి. మిగిలితే ఇంకొకరికి ఇవ్వకుండా ఆసుపత్రికే తిరిగి ఇచ్చేయండి. అయిదు రోజుల గోలీలు మిగిలినప్పుడే కొత్తవాటికి బయల్దేరండి. ఆదివారం, పండగ సెలవు ముందే లెక్కపెట్టుకోండి.

కూలికి పోయే ఇంట్లో పట్నం పోయి మందు తెచ్చేదెవరు? ఆ ఒక్క రోజు కూలి పోతే పొయ్యి వెలగదు. ఇక్కడే సంఘం పని మొదలవుతుంది. కేరళలో 1993లో కోజికోడ్‌లో మొదలైన ఉపశమన సేవ ఊరూరా విస్తరించింది డాక్టర్ల వల్ల మాత్రమే కాదు, ఇరుగుపొరుగు మనుషులు వంతులేసుకుని నిలబడ్డందువల్ల. మనకు విహారం ఉంది, అంబేద్కర్ యువజన సంఘం ఉంది. బైకు ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు, ఒక నోటుపుస్తకం, బస్సు ఛార్జీలకు ఒక చిన్న డబ్బా ఉంటే చాలు. ఏప్రిల్ 14కు తోరణాలు కట్టే చేతులే చీటీ పట్టుకుని ఆసుపత్రి వరుసలో నిలబడాలి.

రాబోయే పౌర్ణమికి విహారంలో కూర్చున్నప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: మన వాడలో ఈ రాత్రి నొప్పితో మేలుకుని ఉన్నదెవరు? ఆ పేరు రాసుకోండి. వాళ్ళ ఇంట్లో ఇంకా ఎన్ని రోజుల మందు ఉందో తెలుసుకుని పేరు పక్కన రాయండి. ఆ అంకె చిన్నదైతే తెల్లారేదాకా ఆగకండి.

నమో బుద్ధాయ! జై భీమ్!