గొయ్యి ఎవరిది?

ధ్యానభాగము: నిర్గమకాండము 21:33, 34



నల్లగొండ, మహబూబ్‌నగరు సీమలలో గుట్టలకు కొదువ లేదు. ఈ రాయి దేవుని దానము. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరు ఆనకట్ట రాతి కట్టడమే గదా. మన మందిరముల పునాదులలోను ఈ రాయియే యున్నది. కాబట్టి రాయి తీయుట పాపమని మేము చెప్పుట లేదు. రాయి పోయిన తరువాత మిగులు గొయ్యిని గూర్చి అడుగుచున్నాము.

విడిచిపెట్టిన క్వారీలను చూడండి. గట్టు నిలువుగా నుండును, కంచె యుండదు. వానలకు గొయ్యి నిండును. గొర్రెలు జారిపడును. ఈతకు దిగిన బిడ్డ తిరిగి రాని ఇండ్లును కలవు. అడిగినచో యజమాని, “నాకు లీజు కలదు, సీనరేజి కట్టితిని, కాగితములన్నియు సరిగానే యున్నవి” అనును. కాగితములు సరిగా నున్నంత మాత్రమున మనస్సాక్షి నిర్దోషమగునా?

మోషే ధర్మశాస్త్రములో, ఒకడు గొయ్యి త్రవ్వి కప్పకుండ విడిచినప్పుడు అందులో ఎద్దో గాడిదయో పడి చచ్చినయెడల, ఆ నష్టమును గొయ్యి యజమానుడే అచ్చుకొనవలెను. త్రవ్వుటకు నీకు అనుమతి యున్నదా అని అక్కడ అడుగలేదు. కప్పితివా అనియే అడిగినది.

మన దేశపు చట్టమును మెల్లగా ఈ మాటకే వచ్చుచున్నది. సున్నపురాయి వంటి పెద్ద ఖనిజముల గనులకు మూసివేత ప్రణాళికయు, దానికి ధనపూచీయు నుండవలెనని 2003లో నియమము వచ్చెను. ఐదు హెక్టార్లకు లోపలి చిన్న క్వారీలకును పర్యావరణ అనుమతి కావలెనని 2012 ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు చెప్పెను. పని ముగిసిన నేలపై తిరిగి గడ్డి పెంచవలెనను షరతును గనుల లీజులలో చేర్చుమని 2020 జనవరి 8న కేంద్ర ప్రభుత్వమును ఆదేశించెను.

అయినను ఈ బాధ్యత ఏల తప్పిపోవుచున్నది? త్రవ్వు దినమున రాబడి కలదు; పూడ్చు దినమున ఖర్చే గాని రాబడి లేదు. అప్పటికి యంత్రములు మరియొక గుట్టకు పోయి యుండును. గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు నేర్పెను (లూకా 14:28). నమ్మకమైన యజమాని మొదటి లారీ కదలిన నాడే పైమన్నును వేరుగా పోసి, పూడ్చుటకు కావలసిన సొమ్మును వేరుగా ఉంచును.

ఇక మన సంగతి. మనలో కొందరు పట్టా భూమిని క్వారీకి ఇచ్చితిమి. కొందరు అక్కడ కూలి చేయుచున్నాము. కొన్ని సంఘములు మందిరపు ప్రహరీకి ఉచితముగా కంకర పుచ్చుకొనినవి. లంచము చూపుగలవానికి గ్రుడ్డితనము కలుగజేయునని వాక్యము హెచ్చరించుచున్నది (నిర్గమ 23:8). ఆ కంకర మన నోటిని మూసినయెడల, ఆ గొయ్యిలో మనకును పాలు కలదు. నోరు విప్పినచో పని పోవునని కూలివాడు భయపడుట సహజము. అతనిని ఒంటరిగా ముందుకు నెట్టవద్దు. సంఘ పెద్దలే ముందు నడువవలెను.

వానలు రాకమునుపే పెద్దలు సమీపపు గోతులను చూచి రావలెను. మొదట కంచె అడుగుడి. పిమ్మట మూసివేతను గూర్చి గనుల శాఖకు వ్రాయుడి. భూమి యెహోవాది, మనము అతిథులము (లేవీ 25:23). అతిథి ఇంటిని విడుచునప్పుడు వాకిట గొయ్యి మిగిల్చి పోవునా?