అడుగుకు చేరనిది



ఎండలు ముదిరితే మన నందవరం వైపు కుంటల్లో నీరు పచ్చబడుతుంది. పాచి పట్టిందని విసుక్కొని, బిందెతో దాన్ని పక్కకు తోసి నీరు ముంచుకుంటాం. ఆ పాచికి దూరపు చుట్టాలు ధ్రువాల వైపు చల్లని సముద్రాల్లో ఉన్నాయి. వాటిని వృక్షప్లవకాలు అంటారు. ఉత్తర ధ్రువ సముద్రంలో విరివిగా ఉండే మైక్రోమోనాస్ అనేది మిల్లీమీటరులో ఐదువందలో వంతు కూడ ఉండదు. ఎండను ఆహారంగా మార్చే పనిలో, భూగోళం మొత్తం మీద దాదాపు సగం చేసేది సముద్రాల్లోని ప్లవకాలే.

వీటిని గురించి ఈ వారం మీతో ముచ్చటించడానికి కారణం ఒక పాత ప్రయోగం. 2009లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీలోని ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ సంస్థ కలిసి దక్షిణ మహాసముద్రంలో సుమారు 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుప లవణాన్ని కలిపాయి. దాని పేరు లోహాఫెక్స్. అందులోని లోహం మన లోహమే! అక్కడి నీటిలో ఇనుము తక్కువ. చేనుకు ఎరువు వేసినట్లు ఇనుము వేస్తే ప్లవకాలు పెరిగి, బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని, చచ్చి అడుగుకు మునుగుతాయా, మన పొగ పాపం కొంతైనా సముద్రగర్భంలో పూడుతుందా అని పరీక్ష.

ప్లవకాలు పెరిగాయి. కాని ఆశించినవి కావు. గాజు వంటి పెంకు గల డయాటంలు బరువుగా మునుగుతాయి; ఆ పెంకుకు కావలసిన సిలికా అక్కడి నీటిలో అప్పటికే అయిపోయింది. పెంకు లేని చిన్నవి పెరిగాయి. వాటిని కోపిపాడ్లనే చిన్న జీవులు మేశాయి, కోపిపాడ్లను ఆంఫిపాడ్లు తిన్నాయి. తిన్నవాటి ఊపిరితో ఆ వాయువు చాలావరకు నీటిలోకే తిరిగి వచ్చింది. అడుగుకు చేరింది స్వల్పం.

ప్రయోగం విఫలమైందని చాలామంది రాశారు. ఎవరి లెక్కలో విఫలం? ఆ పచ్చదనం ఎన్నో నోళ్ళకు అందింది. మనకు దాచిపెట్టలేదు, అంతే.

మన ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుండి కుటుంబాలు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరపకాయలు కోసి, వచ్చిన కూలితో పిల్లలకు పెట్టి, అప్పు తీర్చి, ఉత్త చేతులతో తిరిగి వస్తారు. "ఏం మిగిల్చినావప్పా?" అని అడుగుతాం. తిన్నది మిగులు కాదు గదా!

అయితే చిన్నవాటిని పొగిడి ఊరుకుంటే అబద్ధమవుతుంది. ఉత్తర ధ్రువ సముద్రంలో మంచు కరిగి పైన మంచినీరు పరుచుకున్నకొద్దీ అడుగు పోషకాలు పైకి రావు. పెద్ద ప్లవకాలు తగ్గి చిన్నవి పెరుగుతున్నాయని కెనడా శాస్త్రజ్ఞులు 2009లో ప్రకటించారు. మరీ చిన్నవాటిని చేప నేరుగా తినలేదు. మధ్యలో నోళ్ళు పెరిగితే చివరి నోటికి మిగిలేది తక్కువ. అక్కడ చిన్నవి పెరగడం శుభం కాదు, మన పొగ చేసిన పనే.

వానల కోసం ఆకాశం చూసే మనకు ఆ పొగ తగ్గాలనే ఉంటుంది. కాని దాన్ని మోయమని ఎవరిని అడుగుతున్నాం? 2009 మార్చి 17న పోలార్‌స్టెర్న్ ఓడ చిలీలోని పుంటా అరెనాస్ రేవు చేరింది. వెళ్ళిన శాస్త్రజ్ఞులు ఆశించింది జరగలేదని దాచకుండా చెప్పారు.