చిన్న ఇల్లు – మరియొక ఊయల

గృహస్థాశ్రమము తక్కిన మూడు ఆశ్రమములకును ఆధారమని ధర్మశాస్త్రములు చెప్పుచున్నవి. బ్రహ్మచారికి భిక్ష, అతిథికి అన్నము, సన్న్యాసికి ఆదరము గృహస్థుని గడప నుండియే లభింపవలెను. ఇట్టి గృహస్థుడు చేయు నిర్ణయములలో పెక్కు సవరించుకొనదగినవి. ఇల్లు మార్చవచ్చును, వృత్తి మార్చవచ్చును. ఒక ప్రాణిని ఈ లోకమునకు పిలుచుట మాత్రము వెనుకకు తీసికొనరానిది. కావున "మరియొక బిడ్డ కావలెనా?" అను ప్రశ్న ఇంటిమాటగా కనిపించినను, ధర్మవిచారమునకు మిక్కిలి తగినది.

సంగారెడ్డి జిల్లాలో, హైదరాబాదు నుండి ముంబయి పోవు రహదారిపై, కర్ణాటక సరిహద్దుకు చేరువగా జహీరాబాదు పట్టణము కలదు. చుట్టును చెరకు, అల్లము, ఆలుగడ్డ పండు పొలములు. పట్టణమున ట్రాక్టర్ల కర్మాగారము. పల్లెలో పొలము చాలక కూలికో కొలువునకో ఇట్టి పట్టణమునకు చేరిన కుటుంబములు ఒకటి రెండు గదుల అద్దె ఇండ్లలో కాపురముండుట సామాన్యము. అట్టి ఇంట దంపతులు, ఇరువురు ఆడపిల్లలు, వృద్ధురాలైన అత్తగారు ఉన్నారని ఊహింపవచ్చును. పగలు వంటయు రాత్రి పడకయు ఒక్క గదిలోనే. దేవుని పటము క్రింద బియ్యపు డబ్బా, దాని ప్రక్కన పిల్లల పుస్తకముల సంచి. "ఒక మనుమడు కలిగిన నా కన్నులు చల్లబడును" అని అత్తగారు అనును. కుమారుడు మాటాడడు. కోడలు వినియు విననట్లు గిన్నెలు తోముచుండును. ఎవరిది ధర్మము? వంశమును కోరు వృద్ధురాలిదా? మౌనముగా నున్న భర్తదా? బదులు పలుకని కోడలిదా?

ఈ ప్రశ్నకు లోకము ఒక్కొక్క కాలమున ఒక్కొక్క సమాధానము చెప్పినది. 1952లో భారతదేశము కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమముగా చేపట్టినది. మొదట "ఇద్దరు లేక ముగ్గురు" అనియు, పిమ్మట "ఇద్దరే" అనియు ఎర్ర త్రికోణపు గుర్తుతో గోడలపై వ్రాయించినది. 1975–77 అత్యవసర పరిస్థితి కాలమున దేశములో పలుచోట్ల బలవంతపు ఆపరేషన్లు జరిగి ప్రజలు భీతిల్లిరి. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము ఇద్దరికంటె ఎక్కువ సంతానము గలవారిని ఎన్నికలకు అనర్హులుగా చేసినది. అదే నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో తొలగించినది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున ఒక స్త్రీకి సగటు సంతానము 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. ఒక తరము స్థానమున మరియొక తరము నిలువవలెనన్న సుమారు 2.1 కావలెనని గణకుల మాట. ఎక్కువైనారని నాడు భయపడిన లోకమే తక్కువైనారని నేడు చింతించుచున్నది.

రాజ్యమునకు జనసంఖ్యతో పని కలదు. ఆ లెక్క తప్పు కాదు. కాని 1.8 బిడ్డలను కనిన తల్లి ఎచ్చటను లేదు. ప్రతి తల్లియు పూర్ణమైన బిడ్డనే మోయును, పూర్ణముగనే మోయును. కావున దేశమునకు జనులు ఎక్కువైరనియో తక్కువైరనియో ఒక ఇంటి ఊయలను నిర్ణయించుట, ఊరి వర్షపాతమును చూచి ఒక బావిలోని నీటిని చెప్పుట వంటిది. బావిలోనికి తొంగి చూడవలసినవారు ఆ ఇంటివారే.

ఎట్లు చూడవలెనో మహాభారతమున అరణ్యపర్వములోని అగస్త్యోపాఖ్యానము తెలుపుచున్నది. అగస్త్యమహర్షి ఒకనాడు తన పితరులు ఒక గోతిలో తలక్రిందులుగా వ్రేలాడుట చూచెను. అతనికి సంతానము లేనందున వారికి ఆ గతి పట్టినది. వంశము నిలుపుమని వారు వేడుకొనిరి. ఇంతకంటె బలమైన ఒత్తిడి ఏ గృహస్థునకు కలుగగలదు? అగస్త్యుడు విదర్భ రాజపుత్రియైన లోపాముద్రను వివాహమాడెను. ఆమె నగలు విడిచి, నారచీరలు కట్టి, అతని తపస్సులో పాలుపంచుకొనెను. సంతానకాలము వచ్చినప్పుడు ఆమె తన మనసులోని మాట సంకోచింపక చెప్పెను: తండ్రి ఇంట తనకున్నటువంటి పడకయు, అలంకారములును కావలెను. మహర్షి కోపగింపలేదు. తపఃఫలమును వ్యయము చేయుట ఇరువురికిని ఇష్టము కాలేదు. కావున అతడు ధనమునకై రాజుల యొద్దకు బయలుదేరెను.

ఇచ్చటనే కథకు ప్రాణమున్నది. శ్రుతర్వుడను రాజు తన ఆదాయ వ్యయముల లెక్కను మహర్షి ముందుంచెను. రెండును సమముగా ఉండెను. దాని నుండి ఏమి తీసికొన్నను ప్రాణులకు బాధ కలుగునని తలచి, అగస్త్యుడు ఏమియు తీసికొనలేదు. మరి ఇరువురు రాజుల యొద్దను అట్లే జరిగెను. తుదకు ఇల్వలుని యొద్ద ధనము లభించిన పిమ్మటనే అతడు ఇంటికి మరలెను. అప్పుడు భార్యను అడిగెను: వేయిమంది పుత్రులా, పదిమందితో సమానులైన నూరుగురా, నూరుగురితో సమానులైన పదిమందియా, వేయిమందికి సాటియగు ఒక్కడా? లోపాముద్ర ఒక్కనినే కోరెను.

పితరుల మాట విన్న మహర్షి లెక్కను చూచుట మానలేదు. లెక్క చూచిన పిమ్మట భార్యను అడుగుట మానలేదు. ఇందు ముఖ్యము "ఒక్కడు" అను సంఖ్య కాదు. ఎవరి వంతు నుండి తీసి రాబోవు బిడ్డకు ఇయ్యవలసి వచ్చునో తెలిసికొని, వారిని అడిగిన పిమ్మటనే అడుగు వేయుట ముఖ్యము. చిన్న ఇంటి ధర్మమంతయు ఈ ఒక్క మాటలో ఇమిడియున్నది.

"నారు పోసినవాడు నీరు పోయడా?" అని పెద్దలు అనుట కలదు. మంచి మాట. కష్టములో కూరుకొనినవానికి ధైర్యము చెప్పుటకు పుట్టిన మాట అది. కాని భారమును ఇతరుల తలపై మోపుటకు దానిని వాడుకొనరాదు. నీరు ఇచ్చువాడు భగవంతుడే. బావి నుండి బిందె మోయునది ఎవరు? పెక్కు ఇండ్లలో అది తల్లి. తల్లికి చేతకానప్పుడు పెద్దకూతురు. తమ్ముడు చంకకెక్కిన నాడు అక్క బడి మానిన ఇండ్లు తెలుగునాట తక్కువ కావు. ఆ పిల్లను ఎవరును అడుగలేదు. శరణాగతి అంగములలో ఆనుకూల్య సంకల్పము, ప్రాతికూల్య వర్జనము అనునవి మొదటివి. భగవంతునికి ప్రియమైనది చేయుదుననియు, అప్రియమైనది విడుతుననియు నిశ్చయించుకొనుట వాని అర్థము. సర్వభూతములును ఆ స్వామి శరీరమేనని నమ్మిన వైష్ణవునకు, ఇంటిలోని చిన్నపిల్ల చదువును హరించుట ఆయనకు ప్రియమెట్లగును?

తల్లి దేహమును గూర్చి కూడ చెప్పవలసియున్నది. ఒక కాన్పు పిమ్మట మరల గర్భమునకు పూనుకొనుటకు కనీసము 24 నెలల ఎడము ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించుచున్నది. జహీరాబాదు రైతులకు ఎడము విలువ క్రొత్తగా చెప్పనక్కరలేదు. జొన్నయు కందియు ఒకే చేనిలో కలిపి విత్తుట ఆ ప్రాంతపు పాత పద్ధతి. పస్తాపూరు కేంద్రముగా 1983లో ఆరంభమైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘముల స్త్రీలు అట్టి పలుపంటల సేద్యమును పోషించిరి. చిన్న చేనిలో రెండు పైరులు నిలుచుటకు కారణము సాలుకు సాలుకు నడుమ ఎడము, పంటకు పంటకు నడుమ కాలభేదము. జొన్న కోతకు వచ్చిన పిమ్మట కంది విరివిగా కొమ్మలు సాచును. అయితే ఈ పోలిక ఇంతటితో ఆగవలెను. శాస్త్రములు స్త్రీని క్షేత్రమని పేర్కొన్నవి. క్షేత్రము మాటాడదు, ఆమె మాటాడును. ఇక చాలని ఆమె పలికినప్పుడు ఆ పలుకునకు పైమాట లేదు. చాలనుకొన్న పిమ్మట శస్త్రచికిత్స భారమును కూడ ఆమెయే మోయుట తెలుగునాట దాదాపు నియమమైనది. పురుషునకు చేయు వేసెక్టమీ అంతకంటె సులభమని వైద్యులు చెప్పుచున్నను ముందుకు వచ్చు భర్తలు బహు స్వల్పము. సహధర్మచారిణి అను పదమునకు ప్రతిగా పురుషుడును సహధర్మచారి కావలదా?

మనుమని కోరిక మరియొక సంగతి. అది మమతలో పుట్టిన కోరిక గనుక పరిహసింపరాదు. కాని బిడ్డ ఆడయో మగయో నిర్ణయించు అంశము తండ్రి బీజము నుండి వచ్చునని శాస్త్రజ్ఞులు తేల్చిరి. కోడలిని నిందించుటకు తావు లేదు. గర్భస్థ శిశువు లింగమును పరీక్షింపించుట 1994 నాటి చట్టము ప్రకారము నేరము. "వృద్ధాప్యమున ఎవరు చూతురు?" అన్నచో, 2007 నాటి చట్టము తల్లిదండ్రుల పోషణ బాధ్యతను కుమారునితో పాటు కుమార్తెపైనను ఉంచినది. వైష్ణవులకు ఇంతకంటె దగ్గరి ప్రమాణము కలదు. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తులకు తులసివనమున లభించినది ఒక ఆడుశిశువు. ఆ గోదాదేవి తిరుప్పావై ధనుర్మాసమున తిరుమలలో సుప్రభాతమునకు బదులుగా వినిపించుచున్నది. ఏ పుత్రుడు ఏ తండ్రి పేరును ఇంతకాలము నిలిపెను? సన్న్యసించిన భగవద్రామానుజులకు ఔరస సంతానము లేదు. వారి వంశము శిష్యకోటియే.

అట్లని సంతానేచ్ఛను చిన్నచూపు చూచుట తగదు. అన్నమాచార్యుల తల్లిదండ్రులు బిడ్డకై తిరుమలేశుని వేడుకొనిరని ప్రసిద్ధి. ఒంటరిగా పెరుగు బిడ్డకు తోడు కావలెనని తల్లి మనసు తపించుట సహజము. ఇల్లు చిన్నదైనంత మాత్రమున ఆ తల్లికి అర్హత లేదని చెప్పుటకు ఎవరికిని అధికారము లేదు. గదుల సంఖ్యయే కొలతయైనచో పేదవానికి సంతానము కూడని వస్తువగును. ధర్మము అట్లు చెప్పదు. కుచేలుడన్నంతనే తెలుగువారికి పెక్కు సంతానము గల పేద గృహస్థు గుర్తునకు వచ్చును. ఆకలిగొన్న పిల్లలను చూచి ముందుగా నోరు విప్పినది ఆ ఇల్లాలే. ద్వారకలో కృష్ణుడు ఆ మిత్రుని "ఇంతమందిని ఏల కంటివి?" అని అడుగలేదు, అడుగకయే ఆదుకొనెను. పుట్టిన బిడ్డల విషయమున భగవంతుని పద్ధతి అది. ఇరుగుపొరుగువారును, బంధువులును ఆ పద్ధతినే అనుసరింపవలెను.

సంఖ్య దేనికిని హామీ కాదనుటకు రామాయణమున బాలకాండలోని సగరుని కథ సాక్షి. భృగుమహర్షి వరమున కేశిని వంశకరుడైన ఒక్కని కోరినది. సుమతి అరువది వేలమందిని కోరినది. కేశిని కుమారుడైన అసమంజుడు పసిపిల్లలను సరయువులో పడవైచు క్రూరుడై దేశము నుండి వెడలగొట్టబడెను. సుమతి కుమారులు కపిలుని క్రోధాగ్నిలో క్షణమున భస్మమైరి. ఒక్కడును రక్షింపలేదు, వేలమందియు రక్షింపలేదు. ఆ కులమును నిలిపినవాడు సద్గుణవంతుడైన మనుమడు అంశుమంతుడు; తరించజేసినది భగీరథుని తపస్సు.

అర్జునునకు సమస్తమును బోధించిన పిమ్మట గీతాచార్యుడు, బాగుగా విచారించి నీ ఇష్టము వచ్చినట్లు చేయుమని నిర్ణయమును అతనికే విడిచెను. సాక్షాత్తు భగవంతుడే అంత స్వేచ్ఛ ఇచ్చినచోట, అత్తగారుగాని, పొరుగువారుగాని, రాజ్యముగాని దంపతుల నిర్ణయమును హరింపరాదు. పెద్దలు తమ కోరికను ఒకసారి చెప్పవచ్చును; నిత్యము చెప్పినచో అది కోరిక కాదు, శాసనము. భర్త మౌనముగా నుండరాదు. అతని మౌనము తల్లి పక్షమున సంతకమే అగును. దీపము పెట్టిన పిమ్మట, పిల్లలు నిద్రించిన వేళ, అతడు భార్యను అడుగవలసిన మాట ఒక్కటే: "నీకేమి తోచుచున్నది?" అడిగి, సమాధానము తన కోరికకు విరుద్ధమైనను వినవలెను.

వద్దనుకొన్న దంపతులు లోపమేదో చేసితిమని కుందనక్కరలేదు. ఉన్న బిడ్డలు అరకొర వంశము కారు. కావలెననుకొన్న దంపతులు లోకము నవ్వునని జంకనక్కరలేదు. అడిగి పిలిచిన బిడ్డ ఇరుకింటిలోనైనను అతిథివలె పూజ్యుడు, లేక పూజ్యురాలు. ఎవరిని అడుగక, ఎవరి అన్నము తరుగునో చూడక పిలుచుట మాత్రమే దోషము. తిరుమలేశుని ముందు ముడుపు కట్టబోవు దంపతులు మొదట తమలో తాము ఒక్కమాటపై నిలిచి, ఆ పిమ్మట కొండకెక్కుదురు గాక.