కాయకము - కాయము

మాదన్నపేట వంటి పాతబస్తీ వాడలలో బీరువాలు, ఇనుప తలుపులు చేయు చిన్న దుకాణమునందు గాని, పెద్ద ఉక్కు కర్మాగారమునందు గాని పనివాడు ప్రాణము కోల్పోయినప్పుడు, ఓదార్చ వచ్చిన పెద్దలు "కాయకములోనే లింగైక్యమైనాడు, శివేచ్ఛ" అనుచుందురు. ఓదార్పుగా మంచి మాటయే. న్యాయమైన మాటయేనా?

కాయక శబ్దము కాయము నుండి పుట్టినది. బసవేశ్వరుడు దేహమునే దేవాలయముగా బోధించెను. ఇష్టలింగమును ధరింపని పనివాని దేహమును ఆ బోధ నుండి మినహాయించుటకు ఎవరికిని అధికారము లేదు.

2012 జూన్ 13న విశాఖ ఉక్కు కర్మాగారములో ప్రాణవాయు పీడనమును అదుపుచేయు కేంద్రము ప్రేలి 19 మంది మరణించిరి. 2018 జూలై 12న తాడిపత్రిలోని గెర్డావ్ ఉక్కు కర్మాగారములో కార్బన్ మోనాక్సైడు సోకి ఆరుగురు అసువులు బాసిరి. ఆ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. రక్తములో ప్రాణవాయువు చేరవలసిన చోటును అది ఆక్రమించును. ఎంతటి అనుభవజ్ఞుడైనను దానిని పసిగట్టలేడు. పరికరము కొలవవలెను, ఆ కొలత చూచి లోపలికి పోవచ్చునని ఒకరు చెప్పవలెను. అట్లే, కరిగిన లోహము క్రింద తడి తుక్కు చిక్కినచో నీరు క్షణములో ఆవిరియై లోహమును ఎగజిమ్మును. తుక్కు ఆరుటకు సమయము కావలెను, సమయమనగా సొమ్ము. ఇట్టి చోట శివేచ్ఛ అనుట శివునిపై నింద మోపుటయే.

పని ఉన్నచోట అపాయము తప్పదందురు. కొంత నిజమే. కాని తెలియరాని అపాయము వేరు, తెలిసియు ఉపేక్షించిన అపాయము వేరు.

ఆయ్దక్కి మారయ్య అవసరమునకు మించి ఏరి తెచ్చిన బియ్యమును భార్య లక్కమ్మ తిరిగి పంపివేసిన వృత్తాంతము శరణుల ఇండ్లలో అందరెరిగినదే. మరమ్మతును వాయిదా వేసి, యంత్రపు అడ్డురేకును ఊడదీసి మిగిల్చిన లాభము కూడ ఆ అదనపు బియ్యము వంటిదే. దానితో మఠమునకు సమర్పించిన అన్నము దాసోహమగునా? దాతలను ఈ మాట అడుగుటకు మఠములు సంకోచించును. లక్కమ్మ సంకోచింపలేదు, అదియు సొంత భర్త ఎదుట.

చిన్న దుకాణముల సంగతి మరింత చిక్కైనది. 1948 నాటి కర్మాగారముల చట్టము, విద్యుచ్ఛక్తితో నడచు చోట సాధారణముగా పదిమందికి తక్కువ కాని పనిశాలలకే వర్తించునట్లు వ్రాయబడెను. నలుగురు పనిచేయు దుకాణమునకు తనిఖీ అధికారి రాడు. అచట యజమాని కూడ పనివానితో పాటు నిప్పు ముందు నిలుచును. కనుక అతనిని క్రూరుడనుట తగదు. అయితే తాను వద్దనుకొన్న నాడు అతడు ఆగగలడు, కుర్రవాడు ఆగలేడు.

శివేచ్ఛ అని పెద్దలు లేచి వచ్చిన కొన్నాళ్ళకు, ఆ ఇంటి రెండవ కొడుకు అదే యంత్రము వద్ద పనికి కుదురుట కలదు. అడ్డురేకు తిరిగి బిగించిరా అని యజమానిని అడుగుటకు ఆ పెద్దలు మరల ఒకమారు వెళ్ళవలసియున్నది.