ఇంటి పేరు ఎవరి సొత్తు?

ఒకసారి మా బడి పిల్లలను కళింగపట్నం తీసుకెళ్లాను. వంశధార సముద్రంలో కలిసే చోట నిలబడి ఒక సవర పిల్లవాడు అడిగాడు: "మాస్టారూ, ఈ ఏరు మన కొండల మీదనుంచే కదా వస్తోంది. వంశధార అంటే ఎవరి వంశం?" అప్పుడు జవాబు చెప్పలేకపోయాను.

మా హాజరు పట్టీలో చాలామంది పిల్లల ఇంటి పేరు 'సవర'. కొత్తవాళ్లు చూసి "వీళ్లంతా ఒకే ఇంటివాళ్లా?" అంటారు. కాదు, అది జాతి పేరు. సవరల్లో ఒకే పూర్వీకుని సంతతిని 'బిరింద' అంటారు. ఒకే బిరిందలో పెళ్లి చేసుకోరు. బడిలో, ఆఫీసులో ఇంటి పేరు రాయాల్సి వచ్చినప్పుడు మాత్రం జాతి పేరే రాసేశారు.

ఇదే ఏటికి ఎగువన, ఒడిశాలోని గుణుపురం వైపు, సవరలకు 'గమాంగ్', 'గొమాంగో' అనే ఇంటి పేరు కనిపిస్తుంది. గమాంగ్ అంటే ఊరి పెద్ద. ఊరి బాధ్యతకు పెట్టిన పేరు ఇంటి పేరైంది. మంగేయి గొమాంగో 1936లో సవర భాషకు 'సొరంగ్ సొంపెంగ్' అనే లిపిని ఇచ్చారు. 2012లో అది యూనికోడ్‌లో చేరింది. గిరిధర్ గమాంగ్ కోరాపుట్ నుంచి తొమ్మిదిసార్లు లోక్‌సభకు గెలిచారు. 1999లో ఒడిశా ముఖ్యమంత్రి కూడా అయ్యారు.

ఈ పేర్లు చెబితే పిల్లల ముఖాలు వెలుగుతాయి. "మీవాళ్లకు చదువు రాదు" అనే మాట విన్న బిడ్డకు ఆ గర్వం చేతికర్ర లాంటిది. దాన్ని లాక్కోకూడదు. కానీ ఒక ప్రశ్న ఉంది. 1999 ఏప్రిల్‌లో, ముఖ్యమంత్రిగా ఉంటూనే, గిరిధర్ గమాంగ్ లోక్‌సభలో ఓటు వేశారు. వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆ ఓటును తప్పుబట్టినవారూ ఉన్నారు. ఆయన పదవి మన ఘనత అయితే, ఆ నిందలోనూ మనకు వాటా ఉండాలి కదా? నింద ఆయనది, ఘనత మనది అంటే న్యాయం కాదు. నిజానికి రెండూ ఆయనవే.

మరి మనకు మిగిలేదేమిటి? పని.

గిడుగు రామమూర్తి గారిది మన ఇంటి పేరు కాదు, మన జాతీ కాదు. 1863లో వంశధార దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. 1938లో ఆయన సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. కొడుకు సీతాపతి గారు కూడా సవర భాష మీద పనిచేశారు. 'గిడుగు' అనే పేరు ఆయనకు పుట్టుకతోనే వచ్చింది. సవర భాష మాత్రం కష్టపడి నేర్చుకుంటేనే వచ్చింది. తండ్రికి ఆయన వారసుడైంది అందువల్లే అంటాను.

అలాగే మంగేయి గొమాంగో వారసులు గొమాంగోలు మాత్రమే కారు. ఆ లిపిలో తన పేరు రాసుకోగలిగిన ప్రతి సవర బిడ్డా ఆయన వారసుడే. తన తరగతి పిల్లల భాషలో పది మాటలు నేర్చుకున్న టీచరు, ఏ కులంలో పుట్టినా, గిడుగు వారి వారసుడే.

ఆ పిల్లవాడికి ఇప్పుడు జవాబు చెప్పగలను. బాబూ, ఏటిలోకి ఎన్నో కొండవాగులు చేరాయి. కళింగపట్నం చేరేసరికి ఏ వాగు పేరూ వినపడదు, నీరు మాత్రం ఉంటుంది. మీ ఇంటి పేరు సవర అని తలెత్తి చెప్పు. చెప్పాక, ఈ రాత్రి మీ అవ్వ దగ్గర కూర్చుని, నీకు తెలియని ఒక సవర మాట అడిగి రాసుకో.