దండించినవాడు ఎక్కడ ఉంటాడు? – ‘భారతీయుడు’, ‘భారతీయుడు 2’ చిత్రాలలో శిక్షాధికార ప్రశ్న

చట్టం తన పని తాను చేయనప్పుడు ఆ పనిని ఒక వ్యక్తి తన చేతిలోకి తీసుకోవచ్చునా? అవినీతిపరులను నాయకుడే స్వయంగా శిక్షించే చలనచిత్రాల మీద వచ్చిన చర్చ చాలావరకు ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. దీనికి సినిమా చెప్పే సమాధానంలో ఒక చిక్కు ఉంది. తెర మీద దోషి నేరం ప్రేక్షకుని కళ్లముందే జరుగుతుంది. సాక్ష్యం గురించి సందేహం ఉండదు, సాక్షి అబద్ధమాడడు, పొరపాటున మరొకరు పట్టుబడరు. ఏ న్యాయస్థానానికీ దొరకని సర్వజ్ఞతను కథకుడు ప్రేక్షకునికి ముందుగానే ఇచ్చివేస్తాడు. ఆ తర్వాత నాయకుడు కత్తి ఎత్తితే తప్పు అనగలిగినవారు ఉండరు. కనుక ‘చంపవచ్చునా’ అన్న ప్రశ్నను ఈ చిత్రాలు నిజంగా అడగవు, అడిగినట్లు కనిపిస్తాయి. వాటి నైతిక స్వభావం తెలుసుకోవాలంటే మరొక ప్రశ్న వేయాలి: దండించిన మర్నాడు ఆ వ్యక్తి ఎక్కడ ఉంటాడు? అతనిని నిలబెట్టి అడిగే హక్కు ఎవరికి మిగులుతుంది?

శంకర్ దర్శకత్వంలో 1996లో వచ్చిన ‘భారతీయుడు’ను, ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత 2024 జులై 12న విడుదలైన ‘భారతీయుడు 2’ను ఈ ప్రశ్నతో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. రెండూ తమిళంలో నిర్మితమై తెలుగులోకి అనువదింపబడిన చిత్రాలే. అయినా నెల్లూరు తీరానికి ఇవి పరాయివి కావు. పులికాట్ సరస్సు పక్కన సూళ్లూరుపేటలో 2019లో ప్రారంభమైన సుమారు నూరడుగుల వెడల్పు తెర ముందు తెలుగువారితోపాటు చెన్నై నుంచి వచ్చే తమిళ ప్రేక్షకులూ కూర్చుంటారు. మొదటి చిత్రంలో సేనాపతికి తెలుగు గొంతు ఇచ్చిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం నెల్లూరులో పేరొందిన హరికథకులు సాంబమూర్తి కుమారుడు. 2020లో ఆయన మరణించారు. రెండవ భాగంలో సేనాపతి మాట్లాడుతుంటే ఏదో లోపించిందని తెలుగు ప్రేక్షకునికి తోచడానికి అదీ ఒక కారణం కావచ్చు. అయితే అసలు లోపం గొంతులో లేదు.

మొదటి చిత్రంలో సేనాపతి నేతాజీ సైన్యంలో పనిచేసిన వృద్ధుడు. లంచం ఇవ్వనని అతడు పట్టుబట్టినందువల్ల కాలిన గాయాలతో ఉన్న కూతురికి సకాలంలో వైద్యం అందదు, ఆమె మరణిస్తుంది. ఆ వైద్యుణ్ణి అతడు టెలివిజన్ కెమెరా ముందు చంపుతాడు. వాహనాల తనిఖీ ఉద్యోగంలో ఉన్న కొడుకు లంచం తీసుకొని, బ్రేకులు సరిగా లేని బస్సుకు అనుమతి పత్రం ఇస్తాడు. ఆ బస్సులోని బడిపిల్లలు చనిపోతారు. చివరకు తండ్రి కొడుకునూ చంపుతాడు. ఈ కథకు బలం హత్యల సంఖ్యలో లేదు. అతని సూత్రానికి వెల ముందు అతని ఇంటి నుంచే చెల్లింది. కూతురు పోయింది, కొడుకు పోయాడు. ఇతరులకు విధించే శిక్షను తన రక్తానికి మినహాయించనివాడు పక్షపాతి కాడు. ఎవరూ తన వివాదంలో తానే తీర్పరి కాకూడదని, అలా అయితే స్వప్రేమ తీర్పును వంకర చేస్తుందని పదిహేడవ శతాబ్దంలో జాన్ లాక్ వాదించాడు. ఆ అభ్యంతరానికి శంకర్ చిత్రం నాటకీయమైన జవాబు చెప్పగలిగింది: ఇక్కడ తీర్పరి స్వప్రేమనే చంపుకున్నాడు.

అయితే ఆ చిత్రమే ఆ జవాబును చివరి నిమిషాలలో కొంత చెడగొట్టింది. సేనాపతి బతికి బయటపడి విదేశానికి వెళ్లి, అక్కడి నుంచి ఫోన్ చేసి, అవసరమైతే మళ్లీ వస్తానంటాడు. ప్రేక్షకులు ఈలలు వేసింది ఇక్కడే. విచారణకు నిలబడవలసినవాడు దూరవాణిలో ఒక గొంతుగా మిగిలాడు.

2003, 2005 సంవత్సరాలలో వచ్చిన రెండు చిత్రాలను ఇక్కడ పోల్చి చూడవచ్చు. వి.వి. వినాయక్ ‘ఠాగూర్’లో నాయకుడు చివరకు చట్టానికి లొంగిపోయి న్యాయస్థానంలో నిలబడతాడు. మాతృక అయిన తమిళ ‘రమణ’లో అతనికి ఉరి పడుతుంది, తెలుగులో శిక్ష తగ్గింది. కథానాయకుని మరణాన్ని తెలుగు మార్కెట్టు ఒప్పుకోదన్నది దీనికి తేలికగా చెప్పగల కారణం. అది నిజమే కావచ్చు గాని, శిక్ష అంగీకరించడమనే చర్య మాత్రం మిగిలింది. శంకర్ ‘అపరిచితుడు’ వేరొక దారి పట్టింది. అక్కడ గరుడపురాణపు శిక్షలు అమలు చేసేది నాయకుని మనోవ్యాధి. వ్యాధికి చికిత్స ఉంటుంది గాని జవాబుదారీతనం ఉండదు. ఒకడు దేశం విడిచాడు, ఒకడు బోనెక్కాడు, ఒకడు రోగి అయ్యాడు.

‘భారతీయుడు 2’లో సేనాపతి తైవాన్ రాజధాని తైపేలో ఉంటాడు. యూట్యూబ్‌లో అవినీతిని ఎండగట్టే నలుగురు యువజనులు అతనిని తిరిగి రమ్మని సామాజిక మాధ్యమాలలో పిలుపునిస్తారు. అతడు వస్తాడు. వచ్చి యువతకు చెప్పిన మాట ఒకటే: ముందు మీ ఇంటిని శుభ్రం చేయండి, మీ ఇంటిలోని అవినీతిపరుణ్ణి మీరే పట్టివ్వండి. నూరేళ్లు దాటిన వృద్ధుడు ఒంటిచక్రపు బండి మీద పోలీసులను తప్పించుకోవడాన్ని చూసి ప్రేక్షకులు నవ్వుకున్నారు, విమర్శకులూ ఎక్కువగా దాని గురించే రాశారు. ఆ నవ్వులో ఈ చిత్రంలోని ఆలోచించదగిన అంశం మరుగునపడింది. సిద్ధార్థ్ పోషించిన యువకుడు ఆ మాట విని, అవినీతి నిరోధక శాఖలోనే పనిచేస్తున్న తన తండ్రి లంచగొండి అని కనుగొని పట్టిస్తాడు. తల్లి ఆత్మహత్య చేసుకుంటుంది. ఆ కొడుకూ, అతనిని చూసి జనమూ సేనాపతిని వెళ్లిపొమ్మంటారు.

1996లో తన కొడుకును తాను చంపినవాడు 2024లో మీ తండ్రిని మీరు పట్టివ్వండి అంటున్నాడు. మాట ఒకటే, ధర్మం ఒకటి కాదు. ఒక త్యాగాన్ని తాను చేయడం వేరు, దానిని పరులకు విధిగా ఆజ్ఞాపించడం వేరు. మొదటిదానిలో ఉన్న భయంకరమైన నిజాయితీ రెండవదానిలో బోధ అయిపోయింది. వెల చెల్లించేది విన్నవాడు. చెప్పినవాడు ఏ ఊరికీ చెందడు, పోగొట్టుకోవడానికి అతనికి ఇల్లు లేదు. చిత్రం ఈ తేడాను గుర్తించిందనే చెప్పాలి. లేకపోతే జనం చేత అతనిని తిట్టించదు. గుర్తించి కూడా ఆ ప్రశ్నను పూర్తిచేయకుండా మూడవ భాగానికి వాయిదా వేసింది.

ఇట్టి ప్రశ్నను వాయిదా వేయని కావ్యం ఒకటి పెన్న ఒడ్డున పుట్టింది. నెల్లూరేలిన మనుమసిద్ధి కాలపు తిక్కన తన భారత రచనను విరాటపర్వంతో ఆరంభించాడు. కీచకవధ ఘట్టం స్వయంగా శిక్షించే కథలకు ఆదిరూపం వంటిది. సైరంధ్రిని కీచకుడు నిండు కొలువులో తన్నాడు. రాజు చూశాడు, శిక్షించలేదు; సేనానిని కాదనే బలం అతనికి లేదు. న్యాయపీఠం ఎదుటే న్యాయం విఫలమైంది. ఆ రాత్రి ఆమె వంటశాలకు వెళ్లి వలలుడనే పేరుతో ఉన్న భీముణ్ణి లేపింది. నర్తనశాలలో కీచకుడు మాంసపు ముద్ద అయ్యాడు. చేసింది గంధర్వులన్నారు.

సామాన్యంగా మన చర్చలు ఇక్కడ ఆగుతాయి. కథ ఆగలేదు. చంపినవాడు మారుపేరులో దాగి ఉండటం వల్ల ఆ చావుకు సమాధానం చెప్పవలసిన భారం బయట కనిపించే ఆమె మీద పడింది. ఉపకీచకులు ఆమెను శవంతోపాటు కాల్చడానికి పాడెకు కట్టారు. భీముడు మళ్లీ చంపవలసి వచ్చింది, ఈసారి నూటఐదుగురిని. పురజనులు బెదిరారు. రాణి సైరంధ్రిని ఊరు విడిచి పొమ్మన్నది. పదమూడు రోజులు గడువు ఇమ్మని ఆమె అడగవలసి వచ్చింది. సేనాని లేని రాజ్యమని తెలిసి శత్రువులు గోవుల మీదికి వచ్చారు. కీచకుడు చావదగినవాడే, ఆ విషయంలో కావ్యానికి సందేహం లేదు. కాని దండన న్యాయమైనంత మాత్రాన దాని ఫలితాలు దండించినవానిని వెతుక్కుంటూ పోవని, అందుబాటులో ఉన్న బలహీనుల మీద పడతాయని ఈ కథనం చూపుతుంది. వలలుడు మర్నాడు కూడా అదే వంటశాలలో ఉన్నాడు, కాని తన పేరుతో లేడు. కనుక ఉండిపోవడం ఒక్కటే చాలదు, తన ముఖంతో ఉండాలి.

ధర్మశాస్త్రాలలోని ఆతతాయి భావన ఇక్కడ అడ్డురావచ్చు. నిప్పుపెట్టేవాణ్ణి, విషం పెట్టేవాణ్ణి, ఆయుధంతో మీదికి వచ్చేవాణ్ణి, ధనాన్నీ పొలాన్నీ భార్యనూ అపహరించేవాణ్ణి చంపడం దోషం కాదని ఆ భావన. అది ప్రమాదం మీదికి వచ్చిన క్షణానికి చెందినది. లంచం తీసుకొని ఇంటికి వెళ్లి నిద్రపోతున్న గుమాస్తా ఆతతాయి కాడు. సేనాపతి చేసేది ఆత్మరక్షణ కాదు, తీర్పు.

తన ముఖంతో ఉండి దండించడం సాధ్యమా అన్నదానికి కావ్యంలోనే గాక చరిత్రలోనూ ఉదాహరణ ఉంది. అదీ ఈ జిల్లాదే. కలిగిరి మండలం దూబగుంటలో 1992లో స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమంలో చదివిన పాఠాలు వారికి మాట్లాడుకునే చోటు కల్పించాయి. తర్వాత వారి కథే అక్షరాస్యుల వాచకంలో పాఠమైంది. వర్ధినేని రోశమ్మ పేరు ఊరి పేరుతో కలిసి దూబగుంట రోశమ్మ అయింది. జిల్లా అంతటా స్త్రీలు సారా వేలంపాటలను అడ్డుకున్నారు, అవి మళ్లీమళ్లీ వాయిదాపడ్డాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం అమలులోకి వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, రెండేళ్లకే అది సడలింది.

‘ముందు మీ ఇంటిని శుభ్రం చేయండి’ అని సేనాపతి చెప్పిన మాటను ఆ స్త్రీలు ఆ చిత్రానికి ముప్పై ఏళ్ల ముందే ఆచరించారు. దుకాణందారు తెలిసినవాడు, తాగివచ్చేవాడు సొంత భర్త. చీపురు, కారప్పొడి వారి ఆయుధాలు. వారు చేసినదంతా చట్టబద్ధం కాదు; తాగినవారికి అవమానకరమైన శిక్షలు విధించిన సందర్భాలు కూడా ఆనాటి కథనాలలో ఉన్నాయి. వాటిని దాచి ఉద్యమాన్ని స్తుతించడం న్యాయం కాదు. అయినా ఒక తేడా కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. ఆ రాత్రి దుకాణం మూయించిన స్త్రీ మర్నాడు అదే ఇంటిలో అదే మనిషికి అన్నం వడ్డించాలి, అదే వీధి కుళాయి దగ్గర దుకాణందారు భార్యతో కలిసి బిందె పట్టుకోవాలి. శిక్ష ఎంత దూరం వెళ్లవచ్చునో ఆ వడ్డనే నిర్ణయించింది. మర్నాడు కలిసి బతకవలసినవారు చంపరు. మనిషిని గాక సీసాను పగలగొడతారు.

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటి ఉంది. కలిసి బతికే ఊరే మనదేశంలో అత్యంత క్రూరమైన శిక్షలకూ వేదిక అయింది. కులాంతర వివాహాలు చేసుకున్నవారిని హతమార్చినవారు ఇరుగుపొరుగువారే, ఒక్కోసారి కన్నవారే. కనుక సామీప్యం తనంతట తాను దయను పుట్టించదు. దూబగుంట స్త్రీలను కులపంచాయితీ నుంచి వేరుచేసేది శిక్షించేవారికి, శిక్ష పొందేవారికి మధ్య ఉన్న బలాబలాల దిశ. దెబ్బలు తినేవారు కొట్టేవారిని నిలదీశారు. తిరుగుదెబ్బ పడే అవకాశం ప్రతి రాత్రీ ఉంది. ఆ భయం ఉన్నచోట అతిశయానికి హద్దు ఉంటుంది. సేనాపతికి ఆ భయం లేదు. వేలితో నరం నొక్కి ఎదుటివానిని కదలకుండా చేయగల మర్మకళ అతని చేతిలో ఉంది. తిరిగి కొట్టలేనివాణ్ణి శిక్షించడాన్ని వీరమని చూపడం ఈ చిత్రపరంపర మొత్తంలో ఉన్న దోషం.

తెర బయట ఈ దోషం చేయగల హాని ఊహామాత్రం కాదు. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లి వద్ద, దిశ హత్యాచార కేసులో నిందితులైన నలుగురు పోలీసు కాల్పులలో మరణించారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. నేరం ఘోరమైనది, జనాగ్రహం సహజమైనది. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ మాత్రం ఆ కాల్పులు చంపాలన్న ఉద్దేశంతోనే జరిగాయని, మృతులలో ముగ్గురు మైనర్లని అభిప్రాయపడింది. ఆ నివేదిక 2022లో బయటికి వచ్చింది. పూలు చల్లిన ఉదయానికి ఈ విషయాలేవీ ఎవరికీ తెలియవు. సినిమా ప్రేక్షకునికి ఇచ్చే సర్వజ్ఞత తమకూ ఉందని నమ్మినవారే ఆ రహదారి మీద నిలబడ్డారు.

‘భారతీయుడు 2’ ముగింపులో మూడవ భాగపు దృశ్యాలు కొన్ని చూపుతారు. అవి ప్రధానంగా ఆంగ్లేయుల కాలానికి, సేనాపతి తండ్రి పోరాటానికి మళ్లుతాయి. తల్లి ఉరి వేసుకున్న ఇంటిలో తండ్రి జైలు నుంచి తిరిగివచ్చిన రోజున ఆ కొడుకు తలుపు ఎలా తీస్తాడో ఆ దృశ్యాలలో లేదు.