సగం సాక్ష్యం చెల్లదు

గాజులరామారంలో ఒక జుమా నమాజు తర్వాత, జీడిమెట్ల పారిశ్రామికవాడలో పనిచేసే ఒక యువకుడు మా దగ్గరకొచ్చి మడతపెట్టిన కరపత్రం చేతికిచ్చాడు. తనతోపాటు అదే షిఫ్టులో పనిచేసే క్రైస్తవ మిత్రునితో అతనికి తరచూ మతచర్చ జరుగుతుందట. యేసు అనే మనిషి అసలు పుట్టనే లేదని, అదంతా రోమనుల కాలంలో అల్లిన కథ అని ఆ కరపత్రం చెబుతోంది. "మౌలానా గారూ, ఇది చూపిస్తే ఇక వాడు నోరెత్తలేడు కదా?" అన్నాడు ఉత్సాహంగా.

"మరి నువ్వు ఈసా అలైహిస్సలాంను నమ్మవా?" అని అడిగాము. అతను నాలిక కరుచుకున్నాడు.

ఈ పొరపాటు ఆ ఒక్క యువకుడిదే కాదు. వాదనలో గెలవాలన్న తొందరలో, చేతికందిన రాయి ఎవరి ఇంటిదో చూసుకోకుండా విసిరేవాళ్ళు మనలో చాలామంది వున్నారు. దివ్యఖుర్‌ఆన్ హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) పేరును 25 సార్లు ప్రస్తావించింది. ఆయన మాతృమూర్తి హజ్రత్ మర్యమ్ పేరిట ఒక సూరాయే వుంది. ఆయన లేనే లేడన్న మాట ఆ క్రైస్తవ మిత్రుని విశ్వాసం కంటే ముందు మన ఈమాన్‌కే తగులుతుంది.

విశ్వాసికి అల్లాహ్ వాక్కు చాలు. అయితే ఆ కరపత్రం రాసినవారు ఖుర్‌ఆన్‌ను ప్రమాణంగా అంగీకరించరు. వారి ప్రశ్న చరిత్రకు సంబంధించినది. దాన్ని చరిత్ర ఆధారాలతోనే పరిశీలించాలి. మన తెలుగునాట ఇలాంటి ప్రశ్నలు కొత్తవి కావు. గోరాగా ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావు గారు 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించారు. 1947లో అది విజయవాడకు మారింది. ప్రతి మతాన్నీ ఆధారం అడిగే అలవాటు అప్పటినుంచీ ఇక్కడ బలంగానే వుంది. ఇక యేసు చారిత్రక వ్యక్తి కాదన్న వాదం ఐరోపాలో పుట్టింది. జర్మనీలో 19వ శతాబ్దంలో బ్రూనో బవర్, తర్వాత 1909లో ఆర్థర్ డ్రూస్ దాన్ని ప్రచారం చేశారు. అడిగినవారిని తిట్టడం మన పద్ధతి కాదు. అడిగినదానికి జవాబు చెప్పాలి.

వారి వాదనలో ప్రధానమైనది ఇది: అంతటి మహనీయుడే వుంటే ఆయన బతికి వుండగా ఎవరూ ఒక్క అక్షరమైనా ఎందుకు రాయలేదు?

మన ఊరి పక్కనుంచే నర్సాపూర్ మీదుగా మెదక్ వెళ్ళే రోడ్డు వుంది. ఆ మెదక్‌లోని పెద్ద చర్చిని చూడనివారు తక్కువ. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే ఆంగ్లేయ మిషనరీ దాన్ని కట్టించాడు. 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. కరువు రోజుల్లో పనికి ఆహారం అన్నట్లుగా వేలాదిమంది కూలీలు రాళ్ళు మోశారు. కట్టించిన దొర పేరు మనకు తెలుసు. రాయి మోసిన వారిలో ఎందరి పేర్లు చెప్పగలం? నిండా నూరేళ్ళ నాటి మాటే ఇలా వుంటే, రెండు వేల ఏళ్ళ క్రితం రోమా సామ్రాజ్యపు ఒక మూల, గలిలయ పల్లెల్లో కాలినడకన తిరిగిన ఒక బోధకుని గురించి ఆనాటి అధికారులు దస్తావేజులు రాసి భద్రపరచి వుంటారని ఆశించడం న్యాయమా? అసలు ఆ ప్రాంతాన్ని పాలించిన రోమన్ గవర్నరు పొంతి పిలాతు పేరున్న శిలాశాసనమే 1961లో గానీ బయటపడలేదు. సముద్రతీరంలోని కైసరియలో తవ్వకాలు జరిపిన ఇటలీ పురావస్తు శాస్త్రజ్ఞులకు అది దొరికింది. గవర్నరు గతే అది!

కాబట్టి సమకాలీన రాత లేకపోవడం ఏదీ రుజువు చేయదు. మరి వున్నదేమిటి?

రోమన్ చరిత్రకారుడు టాసిటస్ సుమారు క్రీ.శ. 116 ప్రాంతంలో, 64లో రోము నగరం తగలబడిన సంఘటన గురించి రాస్తూ, నిందను నీరో చక్రవర్తి క్రైస్తవుల మీదికి నెట్టాడని చెప్పాడు. ఆ పేరుకు మూలమైన క్రీస్తు తిబెరియస్ పాలనలో పిలాతు చేతిలో మరణశిక్ష పొందాడని కూడా పేర్కొన్నాడు. హదీసు విద్యార్థి దీన్ని చూడగానే మొదట అడిగేది సనద్, అంటే ఉల్లేఖన పరంపర. టాసిటస్ తనకెవరు చెప్పారో చెప్పలేదు. ఇది లోపమే. పైగా అతను పిలాతును 'ప్రొక్యురేటర్' అన్నాడు. కైసరియ శాసనం మాత్రం 'ప్రిఫెక్ట్' అంటోంది. కానీ మన హదీసువేత్తలు పొరపాటు పడిన రావీని, అబద్ధమాడిన రావీని ఒకే గాటన కట్టలేదు. పదవి పేరు తప్పు చెప్పినంత మాత్రాన మనిషినే కల్పించాడని కాదు. ఇంకొక సంగతి. టాసిటస్‌కు క్రైస్తవులంటే ఏవగింపు. అతని రాతలో అది దాగదు. వారికి మేలుచేసే కథ అల్లవలసిన అవసరం అతనికి లేదు. హిరఖల్ చక్రవర్తి ముందు, అప్పటికింకా విరోధిగా వున్న అబూ సుఫ్యాన్ (రజి) దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) వంశం గురించి, సత్యసంధత గురించి ఇచ్చిన సాక్ష్యాన్ని ఇమామ్ బుఖారీ (రహ్మ) తన గ్రంథారంభంలోనే నమోదు చేశారు. వ్యతిరేకి నోటినుంచి వచ్చిన మాటకు ఆ బరువుంటుంది.

రెండవవాడు యూదు చరిత్రకారుడు జోసీఫస్. 93-94 ప్రాంతంలో పూర్తయిన అతని బృహద్గ్రంథంలో రెండు చోట్ల ప్రస్తావన వుంది. 18వ భాగంలోనిది చదివితే జోసీఫస్ క్రైస్తవుడయ్యాడా అనిపిస్తుంది. యేసే క్రీస్తు అని, మూడవరోజు లేచాడని అందులో వుంది. జోసీఫస్ ఆయన్ని క్రీస్తుగా అంగీకరించలేదని 3వ శతాబ్దపు క్రైస్తవ పండితుడు ఓరిజెనే రాశాడు. అంటే తర్వాత ఎవరో నకలు రాసినవారు తమ మాటలు చేర్చారు. మూలంలో పరాయి మాట కలవడాన్ని మన ఉసూలె హదీసులో 'ఇద్రాజ్' అంటారు. అలా కలిసినదాన్ని వేరుచేసి అసలును నిలబెట్టడమే పండితుల పని, మొత్తాన్ని పారేయడం కాదు. 10వ శతాబ్దంలో మన్బిజ్ బిషప్ అగాపియస్ అరబీలో రాసిన చరిత్రలో ఇదే భాగం ఎంతో సాదాగా, అతిశయోక్తులు తగ్గి కనిపిస్తుంది. 1971లో ష్లోమో పైన్స్ అనే పండితుడు దాన్ని విశ్లేషించాడు. ఇక 20వ భాగంలోనిది చాలా చిన్న మాట. 62లో ప్రధాన యాజకుడు రాళ్ళతో కొట్టించి చంపించిన యాకోబు గురించి చెబుతూ, అతను 'క్రీస్తు అనబడే యేసు' సోదరుడని గుర్తుపట్టడానికి చెప్పిన మాట. పొగడ్త లేదు, తెగడ్త లేదు. పండితుల్లో అధికసంఖ్యాకులు దీన్ని అసలైనదిగానే పరిగణిస్తారు.

మూడవది పౌలు లేఖలు. పౌలు సిద్ధాంతాల మీద మన ధర్మవేత్తలకున్న అభ్యంతరాలు తెలిసినవే. అయితే సంఘటన తర్వాత పాతికేళ్ళలోపే గలతీయులకు రాసిన లేఖలో, తాను జెరూసలేములో పేతురు దగ్గర 15 రోజులున్నానని, ప్రభువు సోదరుడైన యాకోబును చూశానని అతను చెప్పుకున్నాడు. ('సోదరుడు' అన్న మాటకు అర్థమేమిటన్నది క్రైస్తవ శాఖల మధ్యే వివాదం. దానితో ఇక్కడ మనకు పనిలేదు.) లేని మనిషికి సోదరుడుండడు. అఖీదా సరిలేని రావీ అయినా సత్యవంతుడని తేలితే అతని ఉల్లేఖనాన్ని ఇమామ్ బుఖారీ సైతం తీసుకున్న సందర్భాలున్నాయి. విశ్వాసాన్ని వదిలేసి సంశయవాదిగా మారిన అమెరికా పండితుడు బార్ట్ ఎర్మన్ కూడా యేసు చారిత్రక వ్యక్తేనని 2012లో ఒక గ్రంథమే రాశాడు.

ఇంతవరకు విని మా యువకుడు సంతోషించాడు. అసలు ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. మేము చూపిన సాక్షుల్లో టాసిటస్ ఆయన వున్నాడని మాత్రమే చెప్పలేదు. మరణశిక్ష పొందాడనీ చెప్పాడు. యేసు జీవితంలో అన్నిటికంటే రూఢి అయినది పిలాతు చేతిలో శిలువ మరణమేనని చరిత్రకారులు దాదాపు ఏకకంఠంతో అంటారు. మనమేమో నిసా సూరా 157వ ఆయత్ ప్రకారం ఆయన్ని వారు చంపనూ లేదు, శిలువ వేయనూ లేదని విశ్వసిస్తాము. మనకు నచ్చిన సగానికి టాసిటస్‌ను పిలిచి, నచ్చని సగం రాగానే బయటకు పొమ్మంటే ఏ ఖాజీ ఒప్పుకుంటాడు? ఒక జనసమూహంపై ద్వేషం కూడా మిమ్మల్ని న్యాయం తప్పించకూడదని మాయిదా సూరా హెచ్చరించింది గదా!

మేము దీని గురించి చాలాకాలం ఆలోచించాము. మాకు తోచినది ఇది. అక్కడ ఏమీ జరగలేదని ఆ ఆయత్ అనడం లేదు. వారికి అలా భ్రమ కలిగించబడిందని అంటోంది. అది ఎలా జరిగిందన్న దానిపై ముఫస్సిర్ల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. మరొకరికి ఆయన పోలిక ఇవ్వబడిందన్నది వాటిలో ప్రసిద్ధమైనది. చరిత్రకారుడు చేరగలిగేది చూసినవారికి కనిపించినంతవరకే. 80 ఏళ్ళ తర్వాత రోములో రాసినవానికి చేరినది ఆ కనిపించినదాని వార్తే. ఆ వార్త వుండడం ఆయత్‌కు విరుద్ధం కాదు. కాబట్టి టాసిటస్‌ను మనం సగంలో వెళ్ళగొట్టనక్కర్లేదు.

కానీ ఇదే నోటితో మరొకటి కూడా ఒప్పుకోవాలి. ఈ మాట మనచేత పలికించేది వహీ మీద మన విశ్వాసం, చరిత్ర కాదు. ఖుర్‌ఆన్‌ను నమ్మని చరిత్రకారుడు దీనికి తలూపవలసిన బాధ్యత లేదు. "చరిత్ర మా మాటే రుజువు చేసింది" అని ప్రసంగాల్లో చెప్పేవారు తమకు లేని ఆస్తిని తాకట్టు పెడుతున్నారు.

ఇదే కొలబద్దను మన అరలోని పుస్తకాలకూ పెట్టాలి. లదాఖ్‌లోని హెమిస్ మఠంలో యేసు భారత యాత్ర గ్రంథం చూశానని 1894లో నొటోవిచ్ అనే రష్యన్ రాశాడు. మరుసటి ఏడాదే ఆ మఠాధిపతి అది అబద్ధమన్నాడు. 2002లో హడావుడి చేసిన యాకోబు అస్థిపేటిక సంగతి ఇప్పటికీ తేలలేదు. వీటిని వదిలేయడం తేలికే, ఎందుకంటే అవి మనవి కావు. బర్నబా సువార్త మాటేమిటి? అందులో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) పేరుందని మనవారు ఎంతో మురిసిపోతారు. 1907లో ఆంగ్లంలోకి, 1908లో కైరోలో అరబీలోకి వచ్చింది. ఉర్దూలోనూ దొరుకుతుంది. దాని ఇటలీ భాషా ప్రతి వియన్నాలో వుంది. పరిశోధకులు దాన్ని 16వ శతాబ్దపు చివరిదిగా లెక్కిస్తారు. అంతకుముందు పదిహేను వందల ఏళ్ళ సనద్ ఏది? కొండల నడుమనున్న నజరేతుకు అందులో ఓడ మీద వెళతారు! అన్నిటికంటే పెద్ద విడ్డూరం, అందులో యేసు తాను మసీహ్‌ను కానంటాడు. ఖుర్‌ఆన్ ఆయన్ని మసీహ్ అనే పిలుస్తోంది.

చదువు ముగించుకుని వచ్చిన కొత్తలో మేమూ ఆ పుస్తకాన్ని మురిపెంగా పదిమందికి చదవనిచ్చాము. ఒక్కరికీ ఈ సంగతి చెప్పలేదు. అప్పట్లో మేమే పరిశీలించలేదు.

యువకుడు కరపత్రం మడిచి జేబులో పెట్టుకుని, బర్నబా పుస్తకం ఒకసారి ఇవ్వమన్నాడు. ఇచ్చాము. నజరేతుకు ఓడ వెళ్ళిన పేజీలో ఒక చీటీ పెట్టి, దాన్ని తన మిత్రునితో కలిసి చదవమన్నాము.